కుడివైపు చిలక

ఆ రోజుల్లో పాతబస్తీలో మగవాడు సూది పట్టడం వింతేమీ కాదు. పెళ్లిబట్టల మీద జరీ పువ్వులు కుట్టే కార్చోబు పనివాళ్లంతా మగవాళ్లే. కానీ మ్యాటీ గుడ్డ మీద క్రాస్ కుట్టు వేరే సంగతి. అది బడికి వెళ్లే ఆడపిల్లల విద్య. టేబిలు గుడ్డలు, దిండు గలేబులు, వాటి మీద చిలకలు, కుందేళ్లు. ఆ విద్యలో హుస్సేనీ ఆలం నుంచి బహదూర్‌పురా దాకా నన్ను మించిన మగవాడు లేడని ఇప్పటికీ ఒట్టు వేసి చెప్పగలను. అంతేకాదు, ఆడపిల్లల బడిలోకి వెళ్లి, పెద్ద టీచరమ్మ ఎదుట సూదితో పరీక్ష ఇచ్చి నెగ్గిన మగవాణ్ణి కూడా నేనే. మా అక్క బతుకు నా సూదిమొన మీద నిలబడింది. (ఈ వాక్యం రాసి కాసేపు కలం పక్కన పెట్టాను. బాగానే ఉంది, ప్రస్తుతానికి ఉండనిద్దాం.)

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. పెళ్లయిన రెండో ఏడే బావ విషజ్వరంతో పోతే, ఏడాది పాపను ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది. కొన్నాళ్లకు వాళ్ల మామగారు కబురు పంపాడు, నెలాఖరుకు వచ్చి కోడల్ని, మనవరాల్ని తీసుకుపోతానని. అక్కడ పద్నాలుగు మంది ఉన్న ఇల్లు, వంటకు మనిషి లేదు. తీసుకుపోవడమంటే ఏమిటో మాకందరికీ తెలుసు. మా బాపు గుడిలో అర్చకుడు, ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని మనిషి. అక్కకు సొంతంగా ఒక పని ఉంటే తప్ప ఆయన నోటి నుంచి ‘పంపను’ అనే మాట రాదు. అప్పుడే మా ఇంటికి నాలుగు గల్లీల అవతల ఉన్న ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే టీచరు కావాలని తెలిసింది. పెద్ద టీచరమ్మ అక్కను చూసి, సోమవారం నాటికి ఏదైనా కుట్టి తెమ్మంది. అక్క టేబిలు గుడ్డ మొదలుపెట్టింది. ఎదురెదురుగా రెండు చిలకలు, మధ్యలో జామపండు. ఎడమ చిలక అయింది, జామపండు అయింది. కుడివైపు చిలకకు వచ్చేసరికి అక్క కుడిచేతి చూపుడువేలికి గోరుచుట్టు లేచింది. సోమవారానికి ఇంకా ఐదు రోజులు. అమ్మ ఆ వేలికి నిమ్మకాయ తొడిగింది. నిమ్మకాయ తొడిగిన వేలితో సూది పట్టడం ఎవరి తరమూ కాదు.

అప్పుడు నేను లేచాను. అక్క కష్టం చూడలేక, ‘సూది ఇటియ్యి అక్కా’ అని ముందుకు వచ్చాను. బంధువుల పెళ్లిళ్లలో నలభై ఏళ్లుగా ఇలాగే చెబుతున్నాను. నిజానికి నేను లేవలేదు, లేపబడ్డాను. ఆ ఏడు మెట్రిక్ తప్పాను, అదీ లెక్కల్లో. పది రోజులుగా గోడవైపు తిరిగి పడుకుని, ఆ సున్నపు గోడ మీద పగుళ్లన్నీ కంఠతా పట్టాను. అమ్మ కంచం తెచ్చి పెట్టేది, తీసుకుపోయేది. ఆ పొద్దున అక్క వచ్చి దుప్పటి లాగింది.

“లే తమ్మీ. చిలుకను కుట్టాలె.”

“నాకేమొస్తదక్కా? ఫెయిలైనోణ్ణి.”

“నువ్వు ఫెయిలైనవని చిలుకకు తెల్వదు గద. లే!”

గుమ్మంలో నిలబడ్డ బాపు తల గోక్కున్నాడు. “ఏందే, వానితోనా? వాని చెయ్యి వణుకుతది.”

“వణికితె వణకనియ్ బాపు. ఆ చేతులకు వేరే పనేమున్నది?”

పాఠం మొదలైంది. మ్యాటీ గుడ్డ అంటే నేతలోనే సన్నని గళ్లు ఉన్న గుడ్డ. ఒక్కో గడిలో ఒక్కో ‘ఇంటూ’ గుర్తు పడాలి. వరుస పొడుగునా ఏటవాలు గీతలు కుట్టుకుంటూ పోయి, తిరిగి వచ్చేటప్పుడు వాటి మీద అడ్డంగా రెండో గీత వేసుకుంటూ రావాలి. అంతే విద్య. నమూనా ఉన్న కాగితం చూస్తే నా పాత లెక్కల పుస్తకంలోంచి చింపిన గళ్ల కాగితమే! (నా లెక్కలు ఎవరికైనా ఉపయోగపడ్డాయంటే అదొక్కసారే.) లచ్చిగా చుట్టిన దారంలో ఆరు పోగులుంటాయి, రెండే విడదీసి కుట్టాలన్న సంగతి వినకుండా మొదటి పూట ఆరూ కలిపి కుట్టాను. చిలక తోక పొట్లకాయలా లేచింది. అక్క కత్తెర చేతికిచ్చింది. రెండోసారి కుట్టేటప్పుడు దారం బిగించి లాగితే గుడ్డ ముడుచుకుంది. మూడోసారి నా ధోవతినే గుడ్డకు కలిపి కుట్టేశాను. అది లేచి నిలబడ్డాక గాని తెలియలేదు.

“ఒక్కటి యాదుంచుకో,” అంది అక్క. “మీద వడ్డ దారం అన్ని గళ్లల్ల ఒక్క దిక్కే వాలాలె. గంతే. ఇగ ఫికర్ చెయ్యకు.”

నేనూ అలాగే, అన్నీ ఒక్క దిక్కే వాలేట్టు కుట్టాను. నడుమ ఒకసారి పక్కింటి నా దోస్తు, మేం లంబూ అని పిలిచేవాడు, ప్రహరీ మీదుగా తల పెట్టి చూశాడు. “అరే మియా, దుల్హన్ కబ్ బన్ రై?” అన్నాడు. పెళ్లికూతురివి ఎప్పుడవుతున్నావని. వేరే రోజుల్లో అయితే రాయి పట్టుకుని వెంటపడేవాణ్ణి. ఆ రోజు నలభై మూడో గడిలో ఉన్నాను, తల ఎత్తితే లెక్క పోతుంది. “థైర్ రే, గిన్ రౌ,” అన్నాను. ఆగరా, లెక్కపెడుతున్నానని. లంబూ నోరు తెరుచుకునే ప్రహరీ దిగిపోయాడు. ఐదో నాడు సాయంత్రానికి చిలక ముక్కు కూడా అయిపోయింది. అంత పనిమంతురాలైన అక్క కూడా అందులో ఒక్క తప్పు పట్టలేదు. వంట, పాప, సలుపుతున్న వేలు, ఈ మూడింటి నడుమ తీరిగ్గా చూడలేకపోయింది, పాపం.

సోమవారం అక్క వెనకాల నేనూ బడికి వెళ్లాను. అక్క నిమ్మకాయ వేలిని కొంగులో దాచుకుంది. పెద్ద టీచరమ్మ కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, మందపాటి కళ్లద్దాలు. గుడ్డను ముందు తిరగేసి వెనకవైపు చూసింది. తర్వాత కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి వెలుతురుకు ఏటవాలుగా పట్టింది. వరండాలో నిలబడ్డ నాకు కూడా కనిపించింది. ఒకటే లచ్చి, ఒకటే ఆకుపచ్చ, కానీ ఎడమ చిలక మెరుస్తోంది, కుడి చిలక చీకట్లో కూర్చున్నట్టు నల్లగా ఉంది.

“ఇది రెండు చేతుల పనమ్మా,” అంది పెద్ద టీచరమ్మ. “రెండోది ఎవరు కుట్టారు?”

ఇక్కడ నేను గబగబా లోపలికి వెళ్లి, చేతులు కట్టుకుని, ‘నేనేనమ్మా, తప్పు నాది’ అన్నాను. (అనలేదు. స్తంభం వెనక్కి జరిగాను.) చెప్పింది అక్కే. కొంగులోంచి వేలు బయటికి తీసి నిమ్మకాయ చూపించింది.

“మా తమ్ముడమ్మా. చెయ్యి లేవక వానితోని కుట్టించిన.”

“మరి నీకు పని వచ్చని నేనెలా నమ్మేది?”

“ఐదు దినాల కింద వానికి సూదిల దారం ఎక్కించ రాకుండె. నేనే నేర్పిన. మీకు కావల్సింది నేర్పెటోళ్లే గద అమ్మా?”

పెద్ద టీచరమ్మ బల్ల సొరుగు తెరిచింది. తర్వాత నన్ను లోపలికి పిలిచి, ఒక గుడ్డముక్క, సూది చేతికిచ్చి పది గళ్లు కుట్టమంది. కిటికీ బయట రెండు జడల పిల్లలు గుంపుగా చేరారు. కుట్టడం మొదలుపెట్టాను.

“ఆగు బాబూ. ఎటునుంచి మొదలెట్టావు?”

“కుడి దిక్కు నుంచమ్మా.”

“ఎందుకు?”

నన్నెవరూ అడగని ప్రశ్న అది. “రాసేది గట్లనే గదమ్మా,” అన్నాను.

“నీ చదువు ఉర్దూలోనా?”

“అవునమ్మా.”

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “అదీ సంగతి! మీ అక్క చిలకను తెలుగులో కుట్టింది. నువ్వు ఉర్దూలో కుట్టావు.” నా వరుస కుడి నుంచి మొదలైంది కాబట్టి పై దారాలన్నీ అక్క దారాలకు ఎదురు వాలాయి. అందుకే ఒక చిలక మీద వెలుగు నిలిచింది, రెండో దాని మీద నిలవలేదు. “సరే, వీణ్ణి దిద్దు చూస్తాను,” అంది అక్కతో. “నువ్వు మాత్రం సూది ముట్టుకోకూడదు.”

అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “తమ్మీ, గుడ్డను పావు చుట్టు తిప్పు. ఇగ నీ తీరుగనే కుట్టు.”

తిప్పి, నా తీరుగానే కుడి నుంచి పది గళ్లు కుట్టాను. పెద్ద టీచరమ్మ ఆ గుడ్డముక్కను మళ్లీ వెనక్కి తిప్పి ఎడమ చిలక పక్కన పెట్టింది. దారాలన్నీ అక్క దారాల వైపే వాలి ఉన్నాయి. “రేపటి నుంచి రామ్మా,” అంది.

నెలాఖరుకు మామగారు వచ్చాడు. బాపు ఆయనకు మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, “పిల్లకు బడిల నౌకరయ్యింది, పంపలేను,” అన్నాడు. జీవితంలో ఆయన ఎదురు చెప్పింది అదొక్కసారే అనుకుంటాను. అక్క జుట్టు నెరిసేదాకా ఆ బడిలోనే నేర్పింది. ఇక నన్ను మించిన మగవాడు లేడన్న మాటకు వస్తే, ఆ పోటీలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. బడిలో ఆ పది గళ్లు అయ్యాక మళ్లీ సూది పట్టలేదు. పై ఏడు మెట్రిక్ గట్టెక్కాను, లెక్కలతో సహా. ఈ వయసులో ఆ పదహారేళ్ల కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ధోవతిని గుడ్డకు కుట్టుకుని, ఇంటిని తానే మోస్తున్నాననుకున్నాడు.

ఇంతవరకు రాసి, ఉప్పుగూడలో కూతురి దగ్గర ఉంటున్న అక్కకు తీసుకువెళ్లి చూపించాను. ప్రతి కాగితం నిదానంగా చదివి, కళ్లజోడు తీసింది.

“అంత మంచిగనే ఉంది గని, ఒక్క అబద్ధం రాసినవ్.”

“ఒక్కటేనా?” అన్నాను సంబరంగా.

“నేను తప్పు చూడలేదని రాసినవ్ గద. మంచిగ కుదిరిన మొదటి వరుసకే చూసిన. అప్పటికే ఒకపారి కత్తెరిచ్చిన, ఇంకోపారి ఇప్పి కుట్టుమంటె సూది ఆడ్నే పడేసి గోడ దిక్కు తిరుగుతవని ఊకున్న. గుడ్డను తిప్పుమనుడు నాకు ఐదో దినం తోచింది, అప్పటికి చిలుక అయిపాయె. పది దినాలు మంచినీళ్లు తప్ప ఏం ముట్టలేదురా నువ్వు. అమ్మ నిన్ను చేదబాయి కాడికి ఒక్కని పోనియ్యకపోయేది. నౌకరి గాకుంటె ఇంకోటి చూసుకుందును. ఆ మొదటి వరుస అయినంక లేచి, ‘అక్కా, బువ్వ వెట్టు’ అన్నవ్. గా ముచ్చట రాయి.”