మాకో సొరను వదిలిన పొద్దు

ఇవాళ అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణం ముందు కొత్త నైలాన్ తాళ్ల కట్టలు విప్పుతున్నారు. ఎండకు వేడెక్కిన ఆ తాళ్ల వాసన నా ముక్కుకు తగిలింది. పక్కన ఎవరూ లేకపోయినా "అన్నా, జర పైలం" అనబోయాను.

విఠల్ అన్న ఆ వీధిలోనే తాళ్లు, వలలు, గాలాలు అమ్మేవాడు. ఆయన దగ్గర నేను చాలా ఏళ్లు పనిచేశాను. చేపలు పట్టడం ఆయనకు పిచ్చి. పట్టిన చేపను కాసేపు మురిపెంగా చూసుకుని మళ్లీ నీళ్లలో వదిలేసేవాడు. సముద్రాలన్నీ చుట్టే 'మాకో' అనే రకం సొరచేపను కూడా అలాగే ఒకసారి పట్టి వదలాలని ఆయన కోరిక.

"గంత జోరుగ ఉరికే సొర ఇంకోటి లేదు తమ్మీ. ఒక్కపారి కండ్లార చూడాలె," అనేవాడు.

చివరికి విశాఖ వెళ్లి పడవ మాట్లాడుకున్నాం. నాకు ఈత రాదని ఆయనకు తెలుసు. "నేనున్న గద, ఫికర్ చెయ్యకు," అన్నాడు. తీరం కనుమరుగయ్యేసరికి నేను పడవ అంచును గట్టిగా పట్టుకున్నాను.

మధ్యాహ్నం సొర పడింది. ఒక్కసారి నీళ్ల మీదికి ఎగిరింది, నీలంగా, మనిషికన్నా పొడవుగా. మరుక్షణం లోతుకు దూకింది. గాలం నైలాన్ దారం చుట్టిన రీలు బిగుసుకుపోయింది. గాలం కర్ర అన్న నడుం పట్టీకి కట్టి ఉంది. ఆయన మోకాళ్లు పడవ అంచుకు కొట్టుకున్నాయి. నేను వెనకనుంచి ఆయన బెల్టు పట్టుకున్నాను. నా కాళ్లు కూడా జారుతున్నాయి.

"దారం కోసెయ్యండి బాబూ, లాగేస్తది!" అని పడవ నడిపే అప్పన్న నా చేతికి కత్తి అందించాడు.

ఆయన ఎన్నేళ్లుగా ఎదురుచూసిన చేప అది. నా చెయ్యి ఆడలేదు. అన్న తల తిప్పకుండానే అన్నాడు:

"తమ్మీ, నాకు భయమైతుంది. కొయ్యి."

కోశాను. ఇద్దరం వెనక్కి పడ్డాం.

తిరిగి వస్తుంటే, "బాధ అయితలేదా అన్నా?" అని అడిగాను.

"అయితుంది. గని నేను నీళ్లల్లకు పోతుంటె నువ్వు నన్ను ఇడుస్తుంటివా?"

"లేదు."

"మరి? గందుకే చెప్పిన."

మొఘల్‌పురాలోని ఆయన ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది. అన్న పోయి చాలాకాలమైంది. మొన్న మా పాపకు ఆపరేషన్ జరుగుతుంటే, బయట బెంచీ మీద నా భార్య నా మొహంలోకి చూసింది. ఏం కాదులే అనబోయి ఆగాను.

"నాకు భయమైతుంది," అన్నాను.

"నాకు గూడ," అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. డాక్టరు బయటికొచ్చి పాప బాగుందని చెప్పేదాకా మేమిద్దరం ఆ చేతులు వదల్లేదు.