గోడ దగ్గర నిలబడ్డ మనిషి

మా బ్రష్ క్రీక్ కారు పందేల ట్రాక్ ముఖద్వారం దగ్గర విజేతల పేర్లు చెక్కిన పలక ఒకటి ఉంది. అందులో ఆర్వెల్ ప్రూయిట్ పేరు లేదు. నియమం ప్రకారం ఉండకూడదు కూడా. అరవై నాలుగో సంవత్సరపు ఆఖరి పందెం ఎదుట డివిట్ స్లోన్ అని ఉంటుంది. ఆనాటి కార్యక్రమ పత్రం, మా వారపత్రికలో వచ్చిన వార్త, పందేల సంఘం అచ్చువేసిన ఫలితాలు, అన్నీ నా బీరువాలో భద్రంగా ఉన్నాయి. అన్నీ ఆ పేరే చెబుతాయి. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా ఆ మధ్యాహ్నం ఆ కారును అందరికంటే ముందుకు తెచ్చిన చేతులు ఆర్వెల్‌వి. ఏ కాగితమూ చెప్పని ఆ సంగతిని నేను బతికుండగానే కాగితం మీద పెట్టాలని ఇది రాస్తున్నాను.

ఆర్వెల్ మా ఊరి సాక్సుల మిల్లులో అల్లిక యంత్రాల మరమ్మతు పని చేసేవాడు. వారమంతా మిల్లు, వారాంతమంతా పందేలు. అప్పటికి అతనికి నలభై నిండలేదు గాని, చూసినవాళ్ళు యాభై దాటాయనేవారు. ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో మొదలైన ఆ ఏటి పందేలు అక్టోబరు చివర మా కరోలినా కొండల దగ్గర ముగిశాయి. ఈ మధ్యలో అతను మంచం మీద పడుకున్న రోజులు తక్కువ. పాత లారీ వెనక పందెం కారును కట్టుకుని రాష్ట్రం తరవాత రాష్ట్రం దాటేవారు. లారీ నడిపేది అతని భార్య లొరీన్. పక్క సీట్లో అతను కూర్చునే నిద్రపోయేవాడు, ఒక్కోసారి సగం తిన్న బిస్కట్టు రొట్టె చేతిలోనే ఉండేది. మేలుకున్నప్పుడు కోలా సీసాలో ఉప్పు వేరుశనగలు పోసుకుని తాగడం అతని భోజనం.

డబ్బున్న జట్లకు ఈ కష్టం తెలియదు. సొంత చేతులతో కారు కట్టుకుని తిరిగేవాడికి ఒకటే ఆశ. ఏడాది చివర పట్టికలో మొదటి ముప్పై పేర్లలో తనది ఉండాలి. ఉంటే మరుసటి ఏడు ప్రతి పందెంలోనూ చోటు ఖాయం. లేకపోతే అంతదూరం కారును లాక్కువెళ్ళి, పందేనికి ముందు ఒంటరిగా గడియారంతో పోటీపడి, ఓడితే పందెంలో దిగకుండానే వెనక్కి తిరగాలి. ఆ ఆఖరి పందెం నాటికి ఆర్వెల్ ముప్పయ్యో పేరు. అతని వెనకే బ్యూయెల్ హ్యాచర్ అనే కలప కోత మిల్లు కార్మికుడు ఉన్నాడు. గెలవనక్కర్లేదు. పందెం ముగిసిందని జెండా పడేవేళకు ఆర్వెల్ కారు, ఎంత వెనకబడి అయినా సరే, తిరుగుతూ ఉంటే చాలు.

పందేనికి ముందు బ్యూయెల్ అటుగా వచ్చాడు.

"ఏరా ఆర్వెల్, ముసలి గుర్రాన్ని తోలుకొచ్చావా? దాణా పెట్టావా లేదా?"

"నీ దానికంటే ఎక్కువే తిన్నది. నీ ఇంజనుకి దగ్గు తగ్గిందా?"

"దగ్గుతూనే నిన్ను దాటుద్ది, చూస్తూ ఉండు."

ఆర్వెల్ అన్న థర్మండ్ కారు కింద నుంచి తల బయటపెట్టాడు. ఒక కన్ను యుద్ధంలో పోవడంవల్ల అతనికి పందెం లైసెన్సు రాలేదు. మరమ్మతులన్నీ అతనే చేసేవాడు. "ఇవాళ ఏదీ విరక్కపోతే పొద్దు గుంకేలోపు వచ్చే యేటికి మన చోటు ఖాయంరా," అన్నాడు.

"నోరు మూసుకుని ఆ బోల్టు బిగించన్నా. నువ్వు మంచిమాట అన్నప్పుడల్లా ఏదో ఒకటి ఊడుతుంది."

ఇక్కడ మా వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. కారు చెడి పందెం నుంచి తప్పుకున్నవాడు వెంటనే ఇంటిదారి పట్టడు. హెల్మెట్ చేత పట్టుకుని, కార్లు మరమ్మతుకు ఆగే చోట ఉన్న పొట్టి గోడ దగ్గర నిలబడతాడు. ట్రాక్ మీద ఎవరికైనా పొగకు ఊపిరాడకపోయినా, ఒళ్ళు కాలినా, గోడ పక్కగా పోతూ అరచేత్తో నెత్తి తట్టుకుంటాడు. మరుచుట్టులో వచ్చి ఆగుతాడు, గోడ దగ్గరివాడు ఎక్కుతాడు. స్నేహితుడా, కిట్టనివాడా అని చూడడు. ఫలితం మాత్రం పందెం మొదలుపెట్టినవాడి పేరుకే చెందుతుంది. ఎక్కినవాడికి దక్కేది ఒక చల్లటి సీసా, వీపుమీద ఒక చరుపు. నిలబడ్డవాడు కాదనకూడదు, ఎక్కినవాడు జెండా పడేదాకా దిగకూడదు. ఈ రెండూ ఏ నియమావళిలోనూ లేవు. నా దగ్గరున్న నియమావళులన్నీ వెతికాను. ఆర్వెల్ ఆ ఏడంతా ఎంతమంది కార్లు ఎక్కాడో అతనికే గుర్తుండేది కాదు.

ఊరి బడిలో పాఠాలు చెప్పే నేను, లొరీన్ పక్కన కంచె ఇవతల నిలబడ్డాను. సగం పందెం దాటాక ఆర్వెల్ కారు ముందు చక్రం కీచుమని మూలిగింది. అతను మెల్లగా లోపలికి తెచ్చి ఆపాడు.

"బేరింగు పోయింది," అన్నాడు థర్మండ్ జాకీ వేస్తూ. "వేరేది వేస్తా. కాస్త ఓపిక పట్టు."

ఆర్వెల్ దిగాడు. చేతులు ఊరుకోలేక హెల్మెట్ పట్టుకుని, కాళ్ళకు అలవాటైన దారినే గోడ దగ్గరికి నడిచాడు. తప్పంతా అదేనని థర్మండ్ చివరిదాకా అంటూనే ఉన్నాడు. గోడ దగ్గర మరెవరూ లేరు. ఏడాదికి ఆఖరి పందెం, తెల్లవారితే మిల్లు కూత. కార్లు చెడినవాళ్ళంతా లారీలకు గొలుసులు కట్టుకుంటున్నారు.

అప్పుడు నాలుగో స్థానంలో పోతున్న డివిట్ స్లోన్ నెత్తి తట్టుకున్నాడు.

"ఎక్కడికిరా?" అని అరిచాడు థర్మండ్.

"డివిట్ నెత్తి తట్టుకున్నాడు."

"తట్టుకోనీ! ఇంకెవడైనా ఎక్కుతాడు."

"ఎవడున్నాడు?"

థర్మండ్ తలెత్తి గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. మళ్ళీ చక్రం మీదికి వంగాడు.

డివిట్‌ను కిటికీలోంచి లాగి దించారు. కారు లోపలి ఇనప అడుగు కాగిపోయి అతని మడమను ఉడికించేసింది. సాక్సుతోపాటు చర్మం ఊడి వచ్చింది. "ఆర్వెల్, మరి నీ కారు..." అన్నాడు.

"ముందు నువ్వు దిగు," అని ఆర్వెల్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఎంతోసేపు కాలేదు, థర్మండ్ జాకీ దించాడు. కారు సిద్ధం. దాన్ని ఎవరు నడిపినా ఆర్వెల్ నడిపినట్టే లెక్క. అతను ఏడాదంతా మోసిన ఆచారం ఒక్కసారి అతన్ని మొయ్యాలి. థర్మండ్ లారీల వెంట పరుగెత్తాడు.

"నా పెళ్ళాం చంపుద్ది థర్మండ్, చీకటి పడకముందే వస్తానన్నా," అన్నాడొకడు. "పైగా హెల్మెట్ సామానంతటికీ అడుగున పెట్టేశా."

మరొకడు తల అడ్డంగా ఊపి ఇంజను స్టార్టు చేశాడు. వాళ్ళు దుర్మార్గులు కారు. అలసిపోయినవాళ్ళు. ఆ మాట నేను ఇప్పుడు రాయగలుగుతున్నాను గాని, ఆనాడు నా నోట వచ్చిన మాటలు వేరు.

లొరీన్ గేటు దగ్గరికి వెళ్ళింది. కాపలా ఉన్నది ఫర్మన్.

"గేటు తియ్యి ఫర్మన్. కారు నేను నడుపుతా."

"ఆడవాళ్ళు లోపలికి రాకూడదమ్మా. నీకు తెలియందా? లైసెన్సు కూడా లేదాయె."

"ఫ్లోరిడా నుంచి ఆ కారుని లాక్కొచ్చింది ఆడదేగా? అప్పుడు ఎక్కడ పడుకుంది మీ రూలు?"

"రూలు నేను రాశానా తల్లీ?"

"రాసినవాణ్ణి పిలువు."

"ఆయన భోజనానికెళ్ళాడు."

లొరీన్ నా వైపు తిరిగింది. "విన్నారా మాస్టారూ? రూలు భోంచేస్తోందంట." నవ్వబోయి మానేసింది. ఆ నియమావళిలో ఆడవాళ్ళ గురించి ఉన్నది ఒకే వాక్యం. కారణం రాయలేదు. ఇంట్లో లేగదూడను కట్టేసేటప్పుడు కూడా మనం ఒక కారణం చూస్తాం.

థర్మండ్ పలకమీద సుద్దతో 'సిద్ధం' అని రాసి గోడపైకెత్తి పట్టుకున్నాడు. ఆర్వెల్ చూశాడు. స్టీరింగు మీదనుంచి ఒక వేలెత్తాడు. చూశానని దాని అర్థం. మరుచుట్టు వచ్చాడు, ఆగలేదు. ఆ తరవాతా ఆగలేదు. థర్మండ్ పలక దించి దానిమీదే కూర్చున్నాడు. ముందున్న ఒకడి టైరు పేలింది, మరొకడి పెట్రోలు అయిపోయింది, మిగిలినవాణ్ణి ఆర్వెల్ ఆఖరి మలుపులో లోపలి వైపునుంచి దాటాడు. జనం లేచి "డివిట్! డివిట్!" అని అరిచారు. ఆ అరుపుల నడుమ బ్యూయెల్ కారు దగ్గుతూ, మూలుగుతూ జెండా దాటింది.

డివిట్ ఒంటికాలి మీద కుంటుకుంటూ కప్పు పట్టుకొచ్చాడు. "ఇది నీది ఆర్వెల్. తీసుకో."

"దానిమీద ఎక్కేది నీ పేరు. మడమకి వెన్న గిన్న రాయకు, చీము పడుద్ది. డాక్టరు దగ్గరికి పో."

బ్యూయెల్ టోపీ తీసి నిలబడ్డాడు. "ఇలా జరగాలని కోరుకోలేదు ఆర్వెల్, ఒట్టు."

"దగ్గుతూనే దాటావు గదా," అన్నాడు ఆర్వెల్, అతని భుజం తట్టి. తరవాత నాలుగు చక్రాల మీదా సిద్ధంగా ఉన్న తన కారు దగ్గరికి వెళ్ళి, లారీకి గొలుసు కట్టడం మొదలుపెట్టాడు.

దారిలో లొరీన్ అడిగిందట. "పలక చూశావుగా. ఎందుకు దిగలేదు?"

"డివిట్ కాలు చూశావా నువ్వు?"

"నీ కాళ్ళు చూస్తున్నా పెళ్ళయినప్పట్నుంచీ."

ఆమె పక్కకి తిరిగిందట. చూస్తే నిద్రపోయి ఉన్నాడు.

జనవరిలో వచ్చిన పట్టికలో మొదటి ముప్పైలో అతని పేరు లేదు. నేను ఊరుకోలేక సంఘానికి ఘాటుగా ఒక ఉత్తరం రాశాను. నియమం నియమమేనని మర్యాదగా జవాబిచ్చారు. అది పట్టుకెళ్ళి చూపిస్తే ఆర్వెల్ చదవకుండానే మడిచి ఇచ్చేశాడు. "మీకెందుకండీ మాస్టారూ ఈ గొడవ? నాకు విసుగ్గా ఉంది. వాళ్ళక్కూడా ఉండదూ?" చోటు లేకుండా ఊళ్ళు తిరిగే ఓపిక అతనికి మిగల్లేదు. కారు అమ్మేశాడు.

ఏప్రిల్లో మా ట్రాక్ మీద మొదటి పందెం. ఇంకా ఒక్క కారూ చెడలేదు. గోడ దగ్గర అప్పటికే ఒక మనిషి హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీ కారేది ఆర్వెల్?" అని అడిగాడు ఫర్మన్.

"లేదు."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"ఎవడో ఒకడు ఉండాలిగా."

ఆ తరవాత మా ఊళ్ళో పందెం జరిగిన ప్రతిసారీ అతను అక్కడే ఉన్నాడు. నిలబడలేని రోజులు వచ్చాక ఒక బకెట్టు బోర్లించుకుని కూర్చునేవాడు. చాలాసార్లు ఎవరికీ అవసరం పడేది కాదు. కార్లన్నీ వెళ్ళిపోయాక కంచె దాటి వచ్చి లారీ ఎక్కేవాడు. లొరీన్ అప్పటికే స్టీరింగు ముందు ఉండేది.

"ఎవరన్నా పిలిచారా ఇవాళ?"

"లేదు."

"మంచిదేగా."

"మంచిదే," అని అతను హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆమె గేరు వేసేది.