అత్తయ్య దగ్గర లెక్కల ట్యూషన్

పోయిన నెల ఒక గురువారం పొద్దున గుడివాడ నుంచి ఫోన్ వచ్చింది. "మా అత్తయ్యగారు పోయారండీ. మిమ్మల్ని బాగా తలుచుకునేవారు, అందుకని చేశాను" అంది ఆవిడ కోడలు. అవనిగడ్డలో మా బడి ఫస్ట్ బెల్ అప్పుడే కొట్టారు. ఏడో తరగతికి వెళ్ళి బోర్డు మీద తేదీ వేశాను. ఆ తర్వాత ఏం రాయాలో తోచక సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. బందరులో మా పక్కింటి నర్సు. అమ్మ వదినా అనేది, నేను అత్తయ్యా అనేదాన్ని. పదేళ్ళప్పుడు నేను ఆరేళ్ళ పిల్లలా ఉండేదాన్ని. ఒంట్లో పెరుగుదల హార్మోను సరిగ్గా తయారవడం లేదని డాక్టరుగారు రోజూ ఇంజెక్షన్ రాశారు. ఆ మందు దాచడానికి మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, సూది వేసేవాళ్ళూ లేరు. రెండిటికీ అత్తయ్యే దిక్కు.

అమ్మకి ఒకటే భయం. "ఆడపిల్ల వదినా, రేపు సంబంధాలు రావాలి. మూడో కంటికి తెలియకూడదు" అంది. అత్తయ్య సరేనని, పిల్ల తన దగ్గరికి లెక్కల ట్యూషన్‌కి వస్తోందని వీధంతా చెప్పేసింది. ఇంకేమీ దొరకనట్టు లెక్కలే ఎందుకు చెప్పిందో! ఏడెనిమిదులు ఎంతంటే వేళ్ళు చూసుకునే మనిషి ఆవిడ.

దీపాలు పెట్టే వేళకి పుస్తకం పట్టుకుని వెళ్ళేదాన్ని. ఇడ్లీ పిండి గిన్నె వెనక నుంచి మందు తీసి, తొడ మీద దూదితో తుడిచి, "అదిగో, గోడ మీద బల్లి" అనేది. నేను తల తిప్పేలోపు అయిపోయేది. మొదటిరోజు లేచి ఇంటికి బయల్దేరబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"రెండు నిమిషాల్లో అయిపోయే ట్యూషన్ ఎక్కడన్నా ఉంటుందా? కూర్చో. పుస్తకం తియ్యి."

అలా గంటసేపు నిజంగానే లెక్కలు చేసేవాళ్ళం. నాకు రానివి ఆవిడకీ వచ్చేవి కావు. ఆవిడకి డ్యూటీ గుడివాడ ఆస్పత్రిలో. మిగిలిపోయిన లెక్కలు కాగితం మీద రాసుకుని, పొద్దున రైల్లో ఎవరో ఒకరి చేత చెప్పించుకుని వచ్చేది. "పెడన దాటేసరికి నేర్చేసుకున్నానే" అనేది గొప్పగా.

బళ్ళో నన్ను మొద్దు అనేవారు. నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండేది కాదు. ఆ ఏడాది మెల్లగా గుర్తుండడం మొదలైంది. అత్తయ్య ఊరుకోలేక డాక్టరుగారిని అడిగి వచ్చింది.

"ఆ మందు ఎముకలకే అనుకున్నాను గదే! మెదడులో కూడా దాన్ని అందుకునే చోట్లున్నాయంట. నరాల కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోడంలో, నేర్చుకున్నది నిలవడంలో దాని చెయ్యి కూడా ఉందంట. నీకెంత పని చేసిందో మాత్రం చెప్పలేనన్నారు."

"మరి నాకు లెక్కలు మందు వల్ల వస్తున్నాయా, మీ వల్లా?"

"రెండూ ఒకేసారి ఎక్కిస్తుంటే ఎలా విడదీస్తామే? మందు పని మందు చేసుకుంటుంది, నువ్వు భిన్నాలు చెయ్యి."

లెక్కల టీచర్నయి ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న నాకు తెగలేదు.

పెళ్ళయ్యాక మా ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. మొదట్లో భయం, తర్వాత అలవాటు. అమ్మా నాన్నా పోయారు, డాక్టరుగారూ లేరు. అత్తయ్యకీ నాకూ తప్ప తెలిసినవాళ్ళు మిగల్లేదు. ఆవిడ గుడివాడలోనే ఉండిపోయాక, నేను వెళ్ళినప్పుడల్లా అందరి ముందూ "ఏమే, ట్యూషన్ ఎగ్గొడుతున్నావేం?" అనేది. ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఒంటరిగా మోయడం కష్టంగా ఉంది, అందుకే మీతో చెప్తున్నాను.

పెద్దకర్మకి వెళ్ళాను. కోడలు నన్ను బంధువులకి చూపించి, "మా అత్తయ్యగారి స్టూడెంటండీ. ఆవిడ దగ్గర నేర్చుకునే లెక్కల టీచరయ్యారు" అంది. "అవునండీ, చాలా బాగా చెప్పేవారు" అన్నాను. ఆవిడ నాకు నిజంగా ఏం చేసిందో ఆ ఇంట్లో చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

ఇంతలో కోడలు తన కూతుర్ని ఫొటో ముందుకి తీసుకొచ్చింది.

"నీకు లెక్కల్లో మార్కులు రావట్లేదుగా? నాయనమ్మకి దండం పెట్టుకో. ఆవిడే చూసుకుంటారు."

పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి, ఫొటోకి ఎనిమిదో ఎక్కం అప్పజెప్పడం మొదలుపెట్టింది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. కలిసి నవ్వుకోడానికి ఎవరి మొహమైనా దొరుకుతుందేమోనని గదంతా వెతికాను. అందరూ భక్తిగా తలలు వంచుకుని ఉన్నారు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తున్నాననుకుని, పక్కన కూర్చున్న ఆవిడెవరో నా వీపు నిమరడం మొదలుపెట్టింది.