టిఫిన్ క్యారియర్‌లో ముప్పై ఇద్దరు

ఉదయం ఎనిమిది పదికి భద్రాచలం బస్టాండులో దిగాను. సన్నని ముసురు. వంతెన దాటేటప్పుడు గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. నా చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో పులిహోర. కింది మూడింటిలో దూది మధ్య పడుకున్న ముప్పై ఇద్దరు సైనికులు. ఒక్కొక్కరి ఎత్తు నా బొటనవేలి మొదటి కణుపంత.

దారిలో పక్క సీటాయన అడిగాడు: "ఏం కూర పట్టుకపోతున్నవ్ అన్నా?"

"కాల్బలం" అన్నాను. కొత్తగూడెం దాకా ఆయన మళ్ళీ నాతో మాట్లాడలేదు.

బల్ల మీద బొమ్మ సైన్యాలతో యుద్ధం ఆడే ఆట ఇది. అంగుళాల టేపుతో కొలిచి నడిపిస్తారు. పాచికలు వేసి కాలుస్తారు. పదిహేడేళ్ళు నిజం సైన్యంలో ఉండి వచ్చినవాడికి ఇదొక లెక్కా అనుకోకండి. ఆ రోజు నా అరచేతులు పులిహోర గిన్నె కంటే ఎక్కువ చెమర్చాయి.

కారణం చెబుతాను. నేను పోతున్న ఇంటి మేడ మీద ప్రతి ఆదివారం నలుగురైదుగురు చేరి ఆడతారు. ఇంటాయన కాలేజీ లెక్చరర్. ఫోన్లో ఆయన "సర్వీసులో ఏం డ్యూటీ సార్?" అని అడిగాడు. "ఫార్వర్డ్ పోస్టు" అన్నాను. అబద్ధం కాదు. పోస్టు ఫార్వర్డే, సరిహద్దు అంచునే. అందులో నేను మాత్రం వెనక, వంటబంకర్‌లో. పదిహేడేళ్ళలో నేను తుపాకీ పట్టిన దానికంటే గరిటె పట్టిందే ఎక్కువ. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆట మొదలైన అరగంటలో బయటపడుతుందని నా భయం.

కొత్తగా ఈ ఆటలోకి వచ్చేవాళ్ళకు ముందే ఒక మాట. రంగంలోకి దిగేముందు రంగులోకి దిగాలి. రంగు వేయని బొమ్మను ఆ బల్ల మీద పెట్టనివ్వరు. ఒక్కో బొమ్మకు నాకు మూడు సాయంత్రాలు పట్టింది. రంగులో నీళ్ళు కలపాలి, పలుచగా రెండు పూతలు వేయాలి. నేను మొదట చిక్కగా వేశాను. మనుషుల ముక్కులు మాయమయ్యాయి. పైగా ముసురులో డాబా ఎక్కి అడుగు రంగు స్ప్రే చేశాను. గాలిలో తడి ఉంటే అది సాఫుగా అంటుకోదు. పదిమంది ముఖాలు ఇసుక కాగితంలా తేలాయి.

మా ఆవిడ చూసి, "వీళ్ళకు తట్టు లేసిందా ఏంది? దవాఖానాల చూపిచ్చకపోయినవా?" అంది.

ఆ పదిమందినీ కడిగి, ఎండ వచ్చిన రోజు చూసి మళ్ళీ మొదలుపెట్టాను.

బొమ్మలు వచ్చిన పెట్టెలో వంటవాడు లేడు. ఏ పెట్టెలోనూ ఉండడు. జెండా పట్టినవాడి జెండా కోసేసి, జెమ్ క్లిప్ వంచి గరిటె చేసి అతని చేతికిచ్చాను. అగ్గిపెట్టెతో రేషన్ బండి చేశాను. ఎందుకు చేస్తున్నానో అప్పుడు ఆలోచించలేదు.

మేడ మీద రెండు బల్లలు కలిపి ఆకుపచ్చ దుప్పటి పరిచారు. ఒక చివర థర్మాకోల్ గుట్ట. మధ్యలో నీలం ప్లాస్టిక్ వాగు, దాని మీద అట్ట వంతెన. అంట్లు తోమే పీచు ముక్కలే అడవి. కిటికీ అవతల అసలు అడవి తడుస్తోంది. పది యాభైకి నా ప్రత్యర్థి వచ్చింది. దవాఖానాలో నర్సు. చర్చిలో ప్రార్థన ముగించుకుని, గొడుగు దులుపుతూ మెట్లెక్కింది.

"జర పైలం సిస్టర్. బార్డర్ల పదిహేడేండ్లు చేసిన సాబ్" అన్నాడు లెక్చరర్.

"అయితే నేను ముందే ఓడిపోయిన" అందామె. ఆమె నవ్వుతుంటే నేను క్యారియర్ విప్పే పనిలో పడ్డాను.

పదకొండుకు ఆర్డర్లు, అంటే ఆట నియమాలు. ఆరు వంతులు. ఆరో వంతు ముగిసేసరికి గుట్టా వంతెనా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది గెలుపు. పడిపోయినవాణ్ణి తీసి పక్క పళ్ళెంలో పెట్టాలి. ఎదుటివాళ్ళ బొమ్మను అడగకుండా ముట్టుకోకూడదు. లెక్చరర్ మూడుసార్లు చెప్పాడు. నేను మూడుసార్లు తలూపాను. మొదటి వంతుకే సగం మరిచిపోయాను. మీరూ మరిచిపోతారు. సిగ్గుపడకండి, అడగండి. నా వంతులో నేను మరిచిన నియమాన్ని నాకు లాభమైనా సరే ఆ నర్సే గుర్తుచేసింది.

పాచికల మీద ఆశ పెట్టుకోకండి. రెండో వంతులో వంతెన దగ్గర నావాళ్ళు ఆరుగురు కాల్చారు. ఆరు పాచికలు వేశాను. నాలుగు ఒకట్లు. ఆ పూట నా పాచిక ఒక్కటీ పారలేదు.

పన్నెండున్నరకు వంతెన పోయింది. ఒంటిగంటకు గుట్ట మీద నావాళ్ళు నలుగురే మిగిలారు. ఎనిమిది మంది మాత్రం బల్ల ఈ చివర, వంటవాడి చుట్టూ, రేషన్ బండికి కాపలా నిలబడి ఉన్నారు. మొదటి వంతు నుంచి ఒక్క అంగుళం కదలలేదు.

నర్సు టేపు చేతిలో పట్టుకుని ఆగింది. "సార్, ఆ ఎనిమిది మందిని ఎందుకు కదిలిస్తలేరు? గుట్ట పోతది."

"తెలుసమ్మా."

"బండికి పాయింట్లు లేవు. వంటోనికీ లేవు. నేనాడికి రానే రాను."

"తెలుసు."

ఆమె లెక్చరర్ వంక చూసింది. లెక్చరర్ నా వంక చూశాడు. నేను పాచికలు బల్ల మీద పెట్టేశాను.

"ఆ వంటవాణ్ణి నేనే" అన్నాను. "నేను చేసిన డ్యూటీ అదే. పోస్టులో వంట."

లెక్చరర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయితే పొద్దుగాల నేను వెట్టిన ఉప్మా ఎట్ల తిన్నరు సాబ్?"

"ఫార్వర్డ్ పోస్టులో ఇంతకంటే కష్టమైనవి చూశాను."

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత టేపు చుట్టి, మామూలు గొంతుతో, "వెయ్యండి సార్. మీ వంతే" అంది.

ఆ ఎనిమిది మందిని కదిలించలేదు. రెండు ఐదుకు గుట్ట పోయింది. ఓడిపోయాను. మొదటి ఆట ఓడతారు. నాలాగా ఇంత శ్రద్ధగా ఓడనక్కరలేదు.

ఆ మేడ మీద ఒక పద్ధతి ఉంది. ఆట అయ్యాక ఓడినవాడి బొమ్మలను గెలిచినవాళ్ళే లెక్కపెట్టి చేతికి అప్పజెప్పాలి. నర్సు పళ్ళెం ముందుకు జరుపుకుంది. ఒక్కొక్కణ్ణి తీసి, ఒరిగిన తుపాకీ సరిచేసి నా అరచేతిలో పెట్టింది. నేను దూదిలో చుట్టాను. ఇరవై మూడు పళ్ళెంలోంచి వచ్చాయి. కాపలా ఉన్న ఎనిమిదీ బల్ల మీదనుంచి. వంటవాణ్ణి ఆఖరున తీసింది. గరిటెను వేలితో ముట్టి చూసింది.

"ముప్పై రెండు. అందరు వచ్చిండ్రు సార్."

నేను తలొంచుకుని మూత పెట్టాను. క్యారియర్ కొక్కెం రెండుసార్లు జారింది.

మూడున్నర బస్సు. ఏడుంబావుకు ఇల్లు. మా ఆవిడ గుమ్మంలోనే క్యారియర్ అందుకుంది.

"గెలిచినవా?"

"లేదు."

"మంచిగైంది. గెలిస్తే మళ్ళ మళ్ళ పోతవ్." గిన్నెలు విప్పి చూసింది. "అందరు ఉన్నరా?"

"ఉన్నరు. వచ్చే ఆదివారం మళ్ళీ పోవాలె."

ఆమె నిట్టూర్చి రెండు పళ్ళేలు కడిగి నా ముందు బోర్లించింది.

స్టీలు పళ్ళేలు కడిగి బోర్లిస్తే నాకు ఇప్పటికీ పోస్టులో ఆ మధ్యాహ్నమే. మంచు. పప్పు పొయ్యి మీద ఉంది. పొద్దున గస్తీకి వెళ్ళిన పదకొండు మంది పన్నెండుకు రావాలి. రెండైంది. బంకర్‌లో రేడియో ఆపరేటర్ చెవికి ఫోను ఆనించుకుని కూర్చున్నాడు. మధిర వైపువాడు. పదకొండు పళ్ళేలు వరసగా పరిచి, పప్పు అడుగంటకుండా కలుపుతూ ఉన్నాను.

"ఎన్ని పళ్ళేలు పెట్టావన్నా?" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

"పదకొండు."

అతను ఫోను కింద పెట్టాడు.

"రెండు తియ్యన్నా."

నేను తియ్యలేదు. తొమ్మిది మంది వచ్చారు, కూర్చున్నారు, తిన్నారు. ఎవరూ ఆ రెండింటి వైపు చూడలేదు. సాయంత్రం అన్నిటితోపాటు ఆ రెండు పళ్ళేలనూ బూడిద పెట్టి తోమాను. వాటికి ఏమీ అంటలేదు. అయినా తోమాను.