మైకు పెట్టించి మరీ విన్న మా వంశం

మామూలుగా మనిషి పరువు ఎదుటివాళ్ళు తీస్తారు. మా పరువు నేనే తీశాను. అదీ ఊరికే తీయలేదు. కారు అడిగి తెచ్చి, జంపఖానా పరిపించి, మైకు పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ చాయ్ పోయించి మరీ తీశాను. ఇంత ఏర్పాటుతో పరువు పోగొట్టుకున్నవాడు కామారెడ్డి జిల్లాలో ఇంకొకడు ఉంటే చెప్పండి, వెళ్ళి చేయి కలిపి వస్తాను. తల మాత్రం వంచను. ఆ అలవాటు మా ఇంట్లో లేదు.

ఎల్లారెడ్డి అవతల ఒక ఊళ్ళో మాది పటేళ్ళ ఇల్లు. ఒకప్పుడు కోటలాంటి గడి ఉండేది. ఇప్పుడు ఆ చోట రెండు మొండి గోడలూ, వాటి మీద నాలుగు మేకలూ ఉన్నాయి. పొలాలు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి అక్కడే కరిగిపోయాయి. మా బాపు కామారెడ్డిలో పిండి గిర్ని నడిపేవాడు. మీసాల మీద జొన్నపిండి, కనుబొమ్మల మీద గోధుమపిండి. ఎప్పుడు చూసినా అప్పుడే హిమాలయాలు దిగి వచ్చిన మునిలా ఉండేవాడు. ఆ దుమ్ములోంచే వచ్చినవాళ్ళందరినీ నవ్వుతూ పలకరించేవాడు. పటేళ్ళ వారసుణ్ణి, నేను మాత్రం గిర్ని గడప తొక్కేవాణ్ణి కాదు. ఇరవై ఏడేళ్ళ వయసులో నా నడుము ఎంత నిటారుగా ఉండేదంటే, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణం చేసేవాణ్ణి. కూర్చోవాలంటే ఎంతో కొంత వంగాలి కదా!

గొడవంతా దసరా జమ్మి దగ్గర వచ్చింది. మా ఊళ్ళో జమ్మిచెట్టుకు పూజ అయ్యాక మొదటి ఆకు పటేళ్ళలో పెద్దపాలు వాళ్ళు, అంటే వంశంలో పెద్ద శాఖ వాళ్ళు, తెంపాలి. ఆ తర్వాతే ఊరు చెయ్యి వేస్తుంది. గడి మాది కాబట్టి పెద్దపాలు మాదేనని నా నమ్మకం. కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఆకు మా పాలివాడు వెంకట్రాం అన్న తెంపుతున్నాడు. బాపు ఏనాడూ అదేమని అడగలేదు. నాకు మాత్రం ప్రతి దసరాకూ ఆయన తెంపేది ఆకు కాదు, నా మీసంలో వెంట్రుక అనిపించేది. ఒక ఏడు ఇక ఓర్చుకోలేక ఊరికి వెళ్ళి ఆయన వాకిట్లో నిలబడ్డాను.

"అన్నా, ఈ ఏడు మొదటి జమ్మి మాది."

"ఎట్లయితది తమ్మీ? పెద్దపాలు మేం గదా."

"ఎవలు చెప్పిండ్రు?"

"మీరని నీకెవలు చెప్పిండ్రు?"

"సాయిలు తాతతోని చెప్పిస్త. ఊరందరి ముంగట."

"సరే. ఆయన ఏం చెప్తే గదే ఖాయం. మళ్ళ లొల్లి పెట్టద్దు."

సాయిలు తాత ఎవరో చెప్పాలి. వాళ్ళది మా వంశం పాడే కుటుంబం. ఎల్లారెడ్డిలో ఉంటారు. పటేళ్ళ ఇళ్ళలో ఎవరికి ఎవరు పుట్టారో తరతరాలుగా కాగితం ముక్క లేకుండా వాళ్ళ నోట్లోనే ఉంటుంది. కొన్నేళ్ళకోసారి వచ్చి, తంబుర మీటుతూ పేర్లన్నీ పాడి, కొత్తవాళ్ళను కలుపుకొని, బియ్యమూ బట్టలూ తీసుకొని పోయేవారు. బాపు కామారెడ్డి చేరాక మా ఇంటికి ఆ రాక ఆగిపోయింది. అంటే మా వంశం నేను ఒక్కసారి కూడా వినలేదన్నమాట. వినకుండానే అంత గర్వం సంపాదించడం అందరికీ సాధ్యం కాదు.

దసరా ఇంకా వారం ఉందనగా, పొద్దున్నే ఒక దోస్తు కారు అడిగి తెచ్చి గిర్ని ముందు ఆపాను. గంజి పెట్టిన తెల్లచొక్కా, చేతిలో లావుపాటి నోటుబుక్కు. దాని అట్ట మీద ‘మా వంశ చరిత్ర, మొదటి భాగం’ అని రాసి పెట్టుకున్నాను. రెండో భాగం అట్ట కూడా సిద్ధంగా ఉంది.

"బస్సుండగ కారెందుకుర?" అన్నాడు బాపు, పిండి దులుపుకుంటూ.

"పటేళ్ళు బస్సు దిగి వంశం అడుగుతరా బాపు?"

"నేను నిన్న లింగంపేటకు బస్సుల్నే పోయొచ్చిన. ఎవ్వడేమనలె."

కారు కదలగానే నేను చరిత్రకారుణ్ణయ్యాను. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో కలం. దయచేసి మీరు అలా నడపకండి.

"మల్లయ్య పటేల్ గురించి చెప్పు బాపు. మా ముత్తాత. తెల్లగుర్రం మీద తిరిగేటోడట గదా?"

"గుర్రం ఉండేనట."

"మీసాలు?"

"మీసాలు అందరికి ఉంటయి గదరా."

‘మల్లయ్య పటేల్: తెల్లగుర్రం, భీకరమైన మీసాలు’ అని రాసుకున్నాను. చరిత్ర ఇలాగే తయారవుతుంది, చదివేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి.

లింగంపేటలో చాయ్ కోసం ఆపాం. బాపు చాయ్ సాసర్‌లో పోసుకొని ఊదుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"కొడుకా, నీకు జమ్మి ఆకే గావాల్నంటే కామారెడ్డిల చెట్లు లేవా? సంచెడు తెంపిస్త. ఇక్కడికెల్లి మర్లిపోదాం."

"ఇజ్జత్ సంగతి బాపు ఇది!"

"ఇజ్జత్ మంచిగనే ఉందిర ఇప్పటిదాక. ఎందుకు కదిలిస్తున్నవు?"

ముసలివాళ్ళకు ఉత్సాహం తక్కువ అనుకున్నాను. ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకున్నాను.

ఎల్లారెడ్డిలో సాయిలు తాత మంచం మీద కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. బాపును చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. తాత నా వైపు జాలిగా చూశాడు. అది గౌరవం అనుకున్నాను.

ఊరు చేరేసరికి గడి గోడల ముందు జాతర. ముందు రోజే నేను ఫోన్ చేసి చెప్పిన మైకు, జంపఖానా వచ్చేశాయి. వెంకట్రాం అన్న తన పాలు మొత్తాన్ని దింపాడు. చుట్టుపక్కల అవ్వలు బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకొని, ఆకు చుడుతూనే చెవులు ఇటు వేసి కూర్చున్నారు. నేను ముందు వరసలో నిలబడ్డాను. గడకర్ర పాతినట్టు.

సాయిలు తాత తంబుర సవరించుకొని అడిగాడు.

"పటేలా, పై పాట పాడాల్నా, మూలం పాడాల్నా?"

పై పాట అంటే నాలుగు తరాల పేర్లు, దీవెన, అంతే. మర్యాదగల కుటుంబాలన్నీ అదే పాడించుకుంటాయట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. బాపు నా చొక్కా కొస పట్టి లాగాడు.

"పై పాట చాలు తాతా," అన్నాడు.

"మూలం!" అన్నాను నేను, మైకు అందుకొని.

"మంచిగ ఆలోచన చెయ్యి పటేలా. మూలం ఎత్తుకుంటే నడుమ ఆపరాదు. పేరు దాయరాదు. అది మా పెద్దల ఆన."

"ఒక్క అక్షరం దాచినా నేనొప్ప!"

ఆ మాట మైకులో పక్క ఊరిదాకా పోయింది. బాపు చొక్కా వదిలేశాడు.

తాత మొదలుపెట్టాడు. పేరు మీద పేరు దొర్లుతోంది, నా ఛాతీ అంగుళం అంగుళం పెరుగుతోంది. చివరికి గంగారాం పటేల్ దగ్గరికి వచ్చాడు. గడి కట్టినవాడు.

"గంగారాం పటేల్‌కు ఒక తమ్ముడు, రాజన్న. ఆ రాజన్న కొడుకులు, మనుమలు, గీ వెంకట్రాం పటేల్ దాక వచ్చిండ్రు. అన్న గంగారాంకు కొడుకులు లేరు. ఒక్కతే బిడ్డ, రాజవ్వ."

నా కలం ఆగింది.

"అగొ, అప్పుడు పెద్దకొడప్‌గల్ దిక్కుకెల్లి, ఎడ్లను తోలుకుంట మల్లిగాడు వచ్చిండు. గడిల జీతం ఉన్నడు."

"ఏ మల్లిగాడు తాతా?" అన్నాను. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

"మీ మల్లయ్య పటేలే. అప్పటికింక పటేల్ కాలె."

"మరి తెల్లగుర్రం?"

"గుర్రం మామది. ఈయన దానికి గడ్డేసెటోడు."

జనం ఒక్కసారిగా నవ్వారు. గోడ మీది మేకలు దూకి పారిపోయాయి.

"ఆపు తాతా," అన్నాను.

"ఆపరాదు పటేలా. ఒక్క అక్షరం దాచినా ఒప్పనంటివి," అని తంబుర ఇంకా హుషారుగా మీటాడు. "రాజవ్వ మల్లిగాన్ని చూసింది. మల్లిగాడు ఎడ్లను చూసిండు. రాజవ్వ మళ్ళ చూసింది. అప్పుడు మల్లిగాడు గూడ చూసిండు. గంగారాం పటేల్ ఇద్దర్ని చూసిండు. ఇల్లరికం తెచ్చుకున్నడు!"

"మల్లిగాడు అందగాడట పో," అంది ఒక అవ్వ. "మా అత్త చెప్తుండె."

ఇల్లరికం! ఆ మాటను నేనెంత చులకనగా వాడేవాణ్ణో మా దోస్తు ఒకణ్ణి అడగాలి. వాడు రామారెడ్డిలో అత్తగారింటికి ఇల్లరికం పోయాడని ఆర్నెల్లు వాడి ఫోనెత్తలేదు నేను. ఇప్పుడు చూస్తే నా నెత్తురంతా ఇల్లరికమే.

నవ్వులు కొంచెం తగ్గాక వెంకట్రాం అన్న గొంతు సవరించుకున్నాడు.

"మరి తమ్మీ, జమ్మి సంగతి?"

ఇంకెవరైనా అయితే అక్కడే కూలబడేవాడు. నేను నడుము ఇంకొంచెం నిటారు చేశాను.

"పెద్దపాలు కొడుకుల దిక్కుకే పోతది, జమ్మి మీదే అన్నా. మాట మాటే. కని మేం మీ ఇంటి అల్లుడి వంశం. అల్లుడొస్తే కాళ్ళకు నీళ్ళేవి? కొత్తబట్టలేవి? కోడి ఏది?"

"ఇల్లరికం అల్లునికి మర్యాదలేంది తమ్మీ! కొట్టంల ఎడ్లున్నయి, పో, గడ్డెయ్యి."

మళ్ళీ నవ్వులు. నేను మైకు దగ్గరికి లాక్కున్నాను.

"నవ్వుండ్రి! మీరు పటేళ్ళ కడుపున పుట్టిండ్రు కాబట్టి పటేళ్ళయిండ్రు. అందుల మీరు చేసిందేమున్నది? మా ముత్తాతను చూసి, ఏరుకొని పటేల్‌ను చేసిండ్రు. ఊళ్ళ ఇంతమంది పాలివాళ్ళుండంగ గంగారాం పటేల్‌కు ఎడ్లు కాసేటోడే నచ్చిండంటే, మీ రాజన్న ఎట్లుంటుండెనో మీరే చెప్పుండ్రి!"

ఈసారి అవ్వలు చాటల మీద కొట్టి మరీ నవ్వారు. వెంకట్రాం అన్న కూడా నవ్వాపుకోలేకపోయాడు. నేను బాపు వైపు తిరిగాను.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. గందుకే ఎన్నడు జమ్మి అడగలె."

"మరి నాకెందుకు చెప్పలె?"

"నువ్వు గుర్రం మీదున్నవు గదరా. దింపబుద్ధి కాలె."

అయిపోయిందనుకున్నాను. అవలేదు. మూలం పాడాక బతికున్నవాళ్ళను వంశంలో ఎక్కించాలట. మనిషికి ఒక్క మాట. ఆ మాటే ఇక ముందు తరాలన్నీ వింటాయి.

సాయిలు తాత బాపు వైపు చూసి పాడాడు. "మల్లయ్య మనుమడు, మస్కట్‌ల ఎనిమిదేండ్లు ఇటుకలు మోసి, నలుగురు చెల్లెండ్లను అత్తగారిండ్లకు సాగనంపినోడు."

బాపు మస్కట్‌లో సూపర్వైజర్ అని నేను ఊరంతా చెప్పుకునేవాణ్ణి. ఆలోచిస్తే ఆ మాట బాపు ఎప్పుడూ అనలేదు. అన్నీ నేనే అన్నాను. ఆయన తల వంచుకొని కూర్చున్నాడు. నా నిటారు నడుము బరువు జీవితంలో మొదటిసారి నాకు తెలిసింది. నోటుబుక్కులో ఆ ఒక్క మాటనే ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

తర్వాత నా వంతు. తాత నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఈయన కొడుకు, ఊరందర్ని కూడగట్టి, మైకు పెట్టించి, తన ఇంటి గుట్టు తానే చాటించినోడు!"

"తాతా! ఇంకో మాట చేర్చు. విన్నంతసేపు నడుము వంచలేదని."

"నడుము వంగలె గని పటేలా, ముఖం వాలింది. అది గూడ చేర్చాల్నా?"

"అక్కర్లేదు."

నా మనవళ్ళూ మునిమనవళ్ళూ ఆ మాట వినబోతున్నారు. విననీ, నాకేం! ఎక్కడ పాడినా ముందు వరసలో నిలబడి, నా మాట వచ్చినప్పుడు మొదటి చప్పట్లు నేనే కొడతాను. అయితే మీ అందరి సాక్షిగా ఒక ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ బొందిలో ప్రాణం ఉండగా వంశం పాడేవాణ్ణి మూలం పాడమని అడగను. మా వంశం రాజవ్వ పెళ్ళి పందిరిలో మొదలవుతుంది. పెళ్ళికొడుకు ఆ పొద్దున ఏ పనిలో ఉన్నాడని అడిగినవాడు మా ఇంటి మనిషి కాడు.