ఫౌజీ పురుగులకి స్నానం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అప్పయమ్మ ఎవరంటే తల గోక్కునేవాళ్ళు ఉన్నారుగానీ, "కోళ్ళ అప్పయమ్మ" అంటే చాలు, ఏ ఆటోవాడైనా మాట్లాడకుండా తెచ్చి ఆవిడ గుమ్మంలో దింపుతాడు. కాలనీలో కోళ్ళున్న ఇళ్ళు ఇంకో నాలుగున్నాయి. కానీ ఆ బిరుదు మాత్రం ఈవిడకే దక్కింది. ఎందుకంటే మిగతావాళ్ళు కోళ్ళని పెంచుతారు, ఈవిడ వాటితో కాపురం చేస్తుంది.

మొత్తం పద్నాలుగు. పదమూడు పెట్టలు, ఒక డేగ పుంజు. ఇవి గోల్ బజార్‌లో కొనుక్కొచ్చిన కోళ్ళు కావు. ముప్పై ఏళ్ళ కిందట అప్పయమ్మ అత్తగారు అసిరమ్మ, పలాస పక్క పల్లె నుంచి రెండు పెట్టల్నీ ఒక పుంజునీ గంపలో పెట్టుకుని, పైన పాత చీర కప్పి, రైలెక్కి తెచ్చింది. దారి పొడుగునా కిక్కురుమనని పుంజు సరిగ్గా టిక్కెట్ కలెక్టర్ వచ్చి నిలబడినప్పుడే మెడ సాచి కూసిందట. గంపలో ఎవరని ఆయన అడిగితే, "నా పెద్దకొడుకు బాబూ, రైల్వేలో ఉజ్జోగానికి ఎల్తన్నాడు" అన్నదట అసిరమ్మ. రైలు పెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వారు, ఆయనా నవ్వుకుంటూ ముందుకి పోయాడు.

ఆ పుంజు వంశమే ఇప్పుడు దొడ్లో తిరుగుతున్నది. పోయే ముందు అసిరమ్మ కోడలి చేయి పట్టుకుని నగల గురించో పొలం గురించో చెప్పలేదు. అవి లేవు కూడా. "ఈటి జాతి తెగనీకే" అని చెప్పింది. అప్పయమ్మ సరేనంది. ఆ మాట మీదే ఇన్నాళ్ళూ నిలబడింది.

ఇక పురుగుల సంగతి. అవి ఇంటికొచ్చి ఏడాది దాటింది. తెచ్చింది కూతురు రాజశ్రీ. బీయస్సీ చదువుతున్న ఆ పిల్ల, కాలేజీవాళ్ళతో తఖత్‌పూర్ వైపు ఒక రైతు దొడ్డి చూడడానికి వెళ్ళి, వస్తూ వస్తూ చిన్న డబ్బాలో ఈగ గుడ్లు పట్టుకొచ్చింది.

"బ్లాక్ సోల్జర్ ఫ్లై మమ్మీ. అక్కడ అందరూ ఫౌజీ మక్ఖీ, అంటే సిపాయి ఈగ, అంటారు. దీని పిల్లల్ని పెంచి కోళ్ళకి వేస్తే సూపర్ దాణా" అంది.

అప్పయమ్మ చేతిలో అప్పుడు తువ్వాలుంది. ఈగల్ని తోలుతోంది. "పుట్టి బుద్ధెరిగినకాడ నుంచీ ఈగల్ని తోలిన సేత్తోటి ఈగల్ని పెంచమంతావేటే గుంటా?" అని ఆ తువ్వాలు కూతురి వైపే విసిరింది.

రాజశ్రీ వదలలేదు. ఈ ఈగ ఆ ఈగ కాదని నచ్చచెప్పింది. ఇది నల్లగా, సన్నగా, చూడడానికి కందిరీగలా ఉంటుంది. కుట్టదు, కరవదు. రెక్కలొచ్చాక తిండి మీద ధ్యాసే ఉండదు కాబట్టి అన్నం మీద వాలదు. వారం పది రోజులు బతికి, గుడ్లు పెట్టి పోతుంది. తినేదంతా పురుగుగా ఉన్నప్పుడే. అప్పుడు మాత్రం కూరగాయ తొక్కులు, పాచిపోయిన అన్నం, కుళ్ళిన అరటిపండు, ఏది వేసినా రెండు రోజుల్లో నున్నగా చేసి పెడుతుంది.

అప్పయమ్మ మొగుడు జగన్నాథం యార్డులో బోగీల చక్రాలు పరీక్షించే పనిలో ఉన్నాడు. సుత్తితో తట్టి, చప్పుడు విని చక్రం మంచిచెడ్డలు చెప్పే మనిషి. ఆయనకి పని దొరికితే చాలు. నీలం డ్రమ్ము ఒకటి తెచ్చి, లోపలి నుంచి ఏటవాలుగా ఒక పైపు పైకి పెట్టి, దాని రెండో కొస కింద బకెట్ పెట్టాడు. పురుగు బాగా బలిశాక తిండి మానేసి నల్లబడుతుంది. నల్లబడ్డాక పొడిచోటు వెతుక్కుంటూ పైపెక్కి, తనంతట తనే వెళ్ళి బకెట్లో పడుతుంది. ఒకరు ఏరక్కర్లేదు, ఒకరు మోయక్కర్లేదు.

"డ్యూటీ అయిపోయినోళ్ళు పెన్షన్‌కి ఎల్తన్నారే" అనేవాడు జగన్నాథం రోజూ పొద్దున్నే బకెట్లోకి తొంగి చూసి. చెప్పిన హాస్యమే చెప్పినా ఆయనకి విసుగు లేదు. కోళ్ళకి అంతకన్నా లేదు. తెల్లారేసరికి పద్నాలుగూ బకెట్ చుట్టూ చేరేవి. రెండు నెలలు తిరిగేసరికి వాటి ఈకలు నూనె రాసినట్టు మెరిశాయి. గుడ్డు పగలగొడితే పచ్చసొన చిక్కగా గిన్నెలో నిలబడింది. అప్పయమ్మ నోటితో ఒప్పుకోలేదుగానీ, తొక్కలన్నీ కిక్కురుమనకుండా డ్రమ్ములో వెయ్యడం మొదలుపెట్టింది. నల్లబడ్డవాటిలో గుప్పెడు విత్తనానికని దోమతెర పెట్టెలో దాచేది. అయితే అన్నీ పట్టకారుతోనే. చేత్తో ముట్టుకోమంటే మాత్రం, "సచ్చినా ముట్టను" అనేది.

అంతా సవ్యంగా జరుగుతుండగా భాద్రపదం ముసురు పట్టింది. కాలనీ నిండా ఈగలు. పక్క క్వార్టర్ శేషగిరిరావుగారు లెక్కల ఆఫీసులో పనిచేస్తారు. మంచి మనిషే, కాకపోతే దేవుడు ఇద్దరి ముక్కు ఆయనొక్కడికే ఇచ్చాడు. గోడ అవతల ఒక నీలం డ్రమ్ము, అందులో పురుగులు, చుట్టూ కోళ్ళు. ఇన్ని ఈగలూ ఇంత కంపూ ఇంకెక్కడి నుంచి వస్తాయనుకున్నారో ఏమో, రైల్వే ఆఫీసుకి ఒక ఫిర్యాదు కాగితం రాసి పంపించారు. క్వార్టర్లు చూసే ఇన్‌స్పెక్టర్ సోమవారం పదింటికి వస్తాడని, ఫిర్యాదు నిజమైతే వారంలోగా కోళ్ళని తీసెయ్యాలని జవాబు కాగితం అప్పయమ్మ ఇంటికొచ్చింది.

రాజశ్రీ ఆ హిందీ కాగితం చదివి అర్థం చెబుతుంటే అప్పయమ్మ చూపు దొడ్లోని కోళ్ళ మీదికి పోయింది. ఎవరికి ఇస్తుంది పద్నాలుగింటిని? ఎవరికిచ్చినా వచ్చే ఆదివారానికి కూరే. ముప్పై ఏళ్ళ జాతి వారంలో తెగిపోతుంది. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు.

మర్నాటికి మాత్రం నడుం బిగించింది. రైల్వేలో పెరిగిన ప్రాణానికి ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. పెద్దసారు వస్తున్నాడంటే స్టేషన్లో రాళ్ళకి సున్నం పడుతుంది, చెట్ల మొదళ్ళకి ఎర్రరంగు పడుతుంది, కాలవ పక్కన తెల్లగీత పడుతుంది. కదలనిదానికి సున్నం, కదిలేదానికి స్నానం. చిన్నప్పుడు ఆవిడ అయ్య చేసిందీ అదే, ఇప్పుడు మొగుడు చేస్తున్నదీ అదే. ఆదివారం పొద్దుటి నుంచీ అప్పయమ్మ ఆ శాస్త్రం ప్రకారమే దొడ్డి మొత్తం తయారుచేసింది. గూటికి సున్నం వేసింది. తులసికోట చుట్టూ గీత గీసింది. పుంజు కాళ్ళు సబ్బు పెట్టి తోమింది. అది చేసిన గోల అవతలి పేట కుదుదండ్ దాకా వినిపించి ఉంటుంది.

చివరికి డ్రమ్ము మిగిలింది. జగన్నాథం డ్యూటీలో ఉన్నాడు, రాజశ్రీ స్నేహితురాలి ఇంట్లో ఉంది. డ్రమ్ము పొడిగా ఉండాలని, తడి ఎక్కువైతే ఊక కలపాలని ఆ పిల్ల వందసార్లు చెప్పింది. కానీ ఇన్‌స్పెక్షన్ ముందు కడగని వస్తువుని అలా వదిలెయ్యడానికి అప్పయమ్మకి మనసొప్పలేదు. ఫినాయిల్ పోస్తే పురుగులు చచ్చిపోతాయని తెలుసు, అంత తెలివి ఉంది. అందుకని ఉత్త నీళ్ళు పోసింది. ఒకటి కాదు, ఆరు బకెట్లు. తర్వాత కోళ్ళని గూట్లో పెట్టి తలుపేసి, పైన గోనెపట్టా కప్పి, ఇక ఏ దొరైనా రావచ్చని చేతులు కడుక్కుంది.

సోమవారం పొద్దున్న డ్యూటీ దిగి వచ్చిన జగన్నాథం దొడ్డి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒలే అప్పయమ్మా! నీ పెన్షనర్లు ఊరేగింపు ఎల్తన్నారే!"

ఆవిడ పరుగున వచ్చింది. డ్రమ్ము గోడల మీద, పైపు మీద, నిన్న సున్నం కొట్టిన గూటి మీద, కుళాయి గొట్టం మీద, ఎక్కడ చూసినా పురుగులు. తెల్లటి సున్నం మీద మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. సగం అప్పుడే గోడెక్కి రావుగారి దొడ్లోకి దిగుతున్నాయి.

"మమ్మీ, పానీ డాలా క్యా?" అని అరిచింది రాజశ్రీ. "నీళ్ళు పోస్తే వాటికి ఊపిరాడదు. ఒళ్ళు తడిగా ఉంటే గోడలు కూడా ఎక్కేస్తాయి!"

"తానం సేయించినానే" అంది అప్పయమ్మ. "ఇనిసిపెక్షన్ కదేటి."

చీపురు తీసుకుని ఊడవబోయింది. ఊడ్చినకొద్దీ వస్తున్నాయి. ఇంకా అరగంట టైముంది కదా అని అనుకుంటుండగానే, ఇన్‌స్పెక్టర్ సాహు తొమ్మిదిన్నరకే గేటు తీశాడు. ఏళ్ళ తరబడి రైల్వేలో ఏ పనికీ టైముకి ముందు ఎవరూ రాలేదు, వచ్చినవాడు ఆ రోజే వచ్చాడు. గోడ అవతల నుంచి రావుగారి కేక కూడా అప్పుడే వినిపించింది. ఆయన కుర్చీ ఎక్కి నిలబడ్డట్టున్నారు, తల ఒక్కటే గోడ మీదుగా కనిపిస్తోంది.

"యే సబ్ క్యా హై, మాతాజీ?" ఇదంతా ఏమిటమ్మా, అన్నాడు సాహు, కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఒంటికాలి మీద నిలబడి.

అప్పయమ్మకి వచ్చిన హిందీ అంతా ఆ క్షణాన ఎగిరిపోయింది. "ఫౌజీ హై సాబ్. కల్ నహాయా" అంది. ఫౌజీలు, నిన్న స్నానం చేశారు అని. జగన్నాథం నెత్తి కొట్టుకున్నాడు.

కోళ్ళని మూసి ఉంచితే పురుగులు కనిపిస్తాయి. వదిలితే కోళ్ళు కనిపిస్తాయి. ఎటు చూసినా ఓటమే. అప్పయమ్మ ఒక్క క్షణం అత్తగారిని తలుచుకుంది. నిండు రైలు పెట్టెలో, అధికారి ఎదుట, పుంజుని కొడుకన్న మనిషి ఆవిడ. దాచి బతికించలేదు, చెప్పి బతికించింది. అప్పయమ్మ వెళ్ళి గోనెపట్టా లాగేసి గూటి తలుపు తెరిచింది.

పొద్దుటి నుంచీ ఆకలి మీదున్నాయి. పద్నాలుగూ ఒక్కసారిగా దొడ్డి మీద పడ్డాయి. నేల, కుళాయి, గూడు, ఏదీ వదల్లేదు. డేగ పుంజు ఒక్క ఊపున గోడెక్కి, అటూ ఇటూ చూసి, రావుగారి వైపు దూకింది. నాలుగు పెట్టలు వెనకే దూకాయి. "అమ్మో, అమ్మో" అన్నారు రావుగారు కుర్చీ మీంచి. సాహు రెండో కాలు కింద పెట్టాడు. పావుగంట గడిచేసరికి సున్నం మళ్ళీ తెల్లగా కనిపించింది. సాహు అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఇక ఆపుకోలేక, కాగితాల ఫైలు పొట్టకి అదుముకుని పడీపడీ నవ్వాడు.

నవ్వడం అయ్యాక మాత్రం ఫైలు తెరిచాడు. తన వరకైతే ఏమీ లేదని, కానీ ఫిర్యాదు కాగితం మీద ఉంది కాబట్టి, ఇచ్చినవాళ్ళే చూసి చెప్పాలని అన్నాడు. రావుగారిని పిలిచాడు. అంటే పద్నాలుగు ప్రాణాలూ వెళ్ళి ఆ రెండు ముక్కుల మనిషి చేతిలో పడ్డాయి. అప్పయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

రావుగారు పంచె పైకి పట్టుకుని వచ్చారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చూసిన మనిషి, కళ్ళతో చూడనిదాని మీద సంతకం పెట్టరు. గూడు దగ్గర వంగి వాసన చూశారు. దొడ్డంతా తిరిగారు. చివరికి డ్రమ్ము మూత తీసి, అందులోకి తల పెట్టి మరీ పీల్చారు.

"పులిసిన దోసెల పిండి వాసన. అంతే" అన్నారు తల బయటికి తీసి. తర్వాత ఈగల కోసం చూశారు. మామూలు ఈగ ఒక్కటి లేదు. ఆయన చూపు గోడ దాటి, తన వంటింటి మెట్ల పక్కనున్న తన చెత్త బకెట్ మీదికి వెళ్ళింది. దాని మీద ఈగలు ముసిరి ఉన్నాయి. బకెట్టే కనిపించడం లేదు.

"సాహూజీ, పెన్ను ఇవ్వండి" అన్నారు. తను రాసిన కాగితం మీద తనే అడ్డంగా గీత కొట్టి, కింద సంతకం పెట్టి, తేదీ వేశారు. అప్పయమ్మ వైపు తిరిగారు. "నాదే పొరపాటమ్మా. వాసన గోడకి ఇటు నుంచి కాదు, అటు నుంచే వస్తోంది."

అప్పయమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. గేటు దాకా వెళ్ళిన సాహు, తను కూడా ఆ ఈగ గుడ్లు కొన్ని ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మకి పట్టుకెళ్ళొచ్చా అని అడిగితే, ఊ అని తల ఊపింది. అందరూ వెళ్ళాకగానీ ఆవిడకి గుర్తు రాలేదు, ఇవ్వడానికి పురుగులుంటే కదా! పరుగున వెళ్ళి మూత తీసింది. డ్రమ్ములో నీళ్ళు, అడుగున బురద. పట్టకారు కనిపించలేదు, వెతకడానికి ఆగలేదు. మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవింది. ఏమీ తగల్లేదు. ఇంకా లోతుకి పెట్టింది. వేళ్ళ మధ్య ఏదో మెలికలు తిరిగింది. ఒకటి, రెండు, పది. ఆ గుప్పెడూ పైకి తీసి అరచేతిలో పెట్టుకుని, కోళ్ళని ముద్దు చేసే గొంతుతోనే, "రండమ్మా, రండి, నా తల్లులు" అంది.

రాజశ్రీ ఫోన్ తీసి ఫొటో కొట్టింది. "సచ్చినా ముట్టనన్నావు కదా మమ్మీ!"

"నోరుముయ్యే, ఊక తే" అంది అప్పయమ్మ. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, మొహమేమో వెలిగిపోతోంది. ముప్పై ఏళ్ళ కిందట గంపలో వచ్చింది మూడే కదా. ఇక్కడ పది ఉన్నాయి, దోమతెర పెట్టెలో విత్తనం ఉంది. జాతి తెగడానికి ఇంకా చాలా కాలం పడుతుంది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి గోడ మీద ఒక చెత్త బకెట్ ప్రత్యక్షమైంది. వెనక రావుగారి తల లేచింది.

"అప్పయమ్మగారూ, మీ సిపాయిలకి రేషన్. నేనే వేస్తానండి, ఎలా వెయ్యాలో చెప్పండి."

"ఏసీండి బాబూ, మీ సేత్తో ఏసీండి" అంది అప్పయమ్మ మూత తీసి పట్టుకుని. అని, ఆయన రెండో చేతిలో బకెట్ కడగడానికని తెచ్చుకున్న చెంబు చూసి గబగబా అడ్డం వెళ్ళింది. "నీల్లు మాత్రం పొయ్యకండి!"