నా కప్పులో టీ ఎవరు పోస్తారు?

ఈ మధ్యాహ్నం మా మామా, అంటే నేను పనిచేసే కువైటీ ఇంటావిడ, పిల్లల్ని చూసుకోవడానికని తన చెల్లెలితో పాటు నన్నూ ఎగైలా మాల్‌లోని చైనా హోటల్‌కు తీసుకెళ్లింది. డిమ్ సమ్ అంటే రొయ్యలు కూరిన కుడుముల్లాంటివి, వెదురు బుట్టల్లో వేడివేడిగా తెచ్చారు. హాంకాంగ్ చూసొచ్చిన మామా అక్కడి మర్యాద వివరించింది: టీ ముందు పక్కవాళ్లకు పోయాలి, తర్వాతే మనం పోసుకోవాలి. పోసినవాళ్లకు థాంక్స్‌గా రెండు వేళ్లతో బల్ల మీద తట్టాలి.

అందరికీ నేనే పోశాను. ఒక్కరూ తట్టలేదు. మామా చెల్లెలు ఫోన్ చూసుకుంటూనే ఖాళీ కప్పు నా వైపు జరిపి, తొందరగా పొయ్యమన్నట్టు "యల్లా" అంది.

నేను కెటిల్ కింద పెట్టేశాను. నాకొచ్చిన అరబీలోనే అడిగాను.

"మామా, నా కప్పు ఖాళీగా ఉండాది. నాకెవురు పోస్తారు?"

"పనిమనిషికి కూడానా!" అంది చెల్లెలు.

మామా ముఖం ఎర్రబడింది. కెటిల్ అందుకుని నా కప్పు నింపింది. అందరికీ వినబడేలా రెండు వేళ్లతో బల్ల మీద తట్టాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరూ నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ, టీ మాత్రం బాగుంది. కువైట్‌లోని మా కడప అక్కలూ, మీరైతే అడిగేవాళ్లా, ఊరుకునేవాళ్లా?